పులిసిన కల్లు వాసన

మాది జగిత్యాల వైపు. మోకు, ముస్తాదు కట్టుకుని ఈతచెట్లూ తాళ్లూ ఎక్కిన చేతులు ఇవి. గీత మీద ఇల్లు గడవక, ఊళ్లో సగం మంది పోయినట్టే నేనూ గల్ఫ్ పోయాను. "ఖర్జూర తోట. చెట్టెక్కడం వస్తే చాలు" అన్నాడు ఏజెంటు. అందులో అబద్ధం లేదు. ఈత, ఖర్జూరం ఒక్క జాతి చెట్లే. ఒమానీలు నడుముకు చుట్టుకునే హాబూల్ కూడా మన మోకు లాంటిదే. పురుగు సంగతి మాత్రం ఏజెంటు చెప్పలేదు, అతనికి తెలుసనీ అనుకోను.

నేను చేరింది ఒమాన్‌లోని రుస్తాఖ్, కొండల కింద ఉన్న పాత ఊరు. పెద్ద కోట, వేడి నీటి ఊట, ఎక్కడ చూసినా ఖర్జూరాలు. నీళ్లు ఫలజ్ కాలువల్లో వస్తాయి. అక్కడి అల్ ముయస్సర్ ఫలజ్‌ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి తీసుకుంది. మా అర్బాబ్ (యజమాని) ఇంటి తోటకు వచ్చేది వేరే చిన్న కాలువ. వంతు అర్ధరాత్రి వస్తే అర్ధరాత్రే లేచి మడవ తిప్పుకోవాలి. పైన ఖర్జూరాలు, వాటి నీడన నిమ్మ, మామిడి, కింద మేకలకు గడ్డి. చూడ్డానికి ముచ్చటైన తోట.

ముందు దుబాస్ అనే పురుగు వచ్చింది. ఎండలు ముదరకముందే మట్టల మీద చిన్న చిన్న పురుగులు, చెయ్యి పెడితే చిటుక్కున ఎగిరేవి. మామిడికి తేనెమంచు పట్టడం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. రసం పీల్చి జిగురు కారుస్తాయి. జిగురుకు దుమ్ము అంటుకుంటుంది, దాని మీద మసి పడుతుంది. కింద నిమ్మాకులు కూడా నల్లబడ్డాయి, మేకలు గడ్డి ముట్టలేదు, నడిస్తే చెప్పులు నేలకు అంటుకున్నాయి. గుడ్లు ఆకు కండలోపల పెడుతుంది కాబట్టి ఒక్కసారి మందు కొడితే పోదు. వేసవంతా ఆ గుడ్లు అలాగే ఉండి, ఆగస్టు దాటాక మళ్లీ పిల్లలవుతాయి. ఒమాన్ ప్రభుత్వం ఈ పురుగు కోసమే విమానాలతో మందు చల్లిస్తూ వచ్చింది. మా తోటలో విమానం నేనే. వీపున ట్యాంకు, తల పైకెత్తి ఎత్తైన చెట్టుకు కొడితే సగం మందు నా మొహం మీదే పడేది. కళ్లు మండేవి. అయినా దుబాస్ చెట్టును అంత తేలిగ్గా చంపదు, కాపు తగ్గిస్తుంది.

చంపేది ఇంకొకటి ఉంది.

ఒకరోజు తెల్లవారుజామున నీళ్లు కడుతుంటే పులిసిన కల్లు వాసన వచ్చింది. కల్లు మాట ఎత్తడానికే భయపడే దేశంలో ఆ వాసన ఎక్కడిది? వెతికితే ఒక ఖలాస్ రకం ఖర్జూరం మొదట్లో, పిలక పుట్టినచోట, ఎర్రగా జిగట కారుతోంది. పక్కనే నమిలి ఉమ్మినట్టు పీచు. పక్క తోటలో కోనసీమ నుంచి వచ్చిన పెద్దాయన ఉండేవాడు, నేను బాబాయ్ అనేవాణ్ని. ఆయన వచ్చి మానుకు చెవి ఆనించి, నన్ను పిలిచాడు. "ఇలా రా అబ్బాయ్, విను." లోపల కరకరమని నములుతున్న చప్పుడు. "కొబ్బరిలో చూశానురా దీన్ని. ఎర్రముక్కు పురుగు. వాసన వచ్చిందంటే లోపల సంసారం పెట్టేసినట్టే."

ఉలితో తవ్వాం. బొటనవేలంత లావు తెల్లటి పురుగులు, గోధుమరంగు తలలు, కాళ్లు లేవు. పీచుతో అల్లుకున్న గూళ్లు విప్పితే వాటిలో ఎర్రటి పెంకు పురుగులు. ఒక్కో ఆడది వందల గుడ్లు పెడుతుందట. పచ్చి గాయం వాసనకు ఎగిరొస్తుంది. మట్ట కొట్టినా, పిలక తీసినా దానికి పిలుపు అందినట్టే.

ఈ పురుగు పుట్టిల్లు మన దక్షిణాసియా, ఆగ్నేయాసియాలే. 1985లో యూఏఈలో, 1993లో ఒమాన్‌లో కనబడింది. మొక్కలు, పిలకలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసేకొద్దీ వ్యాపించింది. అర్బాబ్‌కు ఇది తెలుసు. కోపంలో ఒకసారి "పురుగూ హిందీదే, మనుషులూ హిందీవాళ్లే" అన్నాడు. అక్కడ హిందీ అంటే ఇండియన్. తిట్లు చాలా తిన్నాను గానీ అది మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

వ్యవసాయ శాఖవాళ్లు వచ్చి, మొవ్వు దాకా పోయిన చెట్లను నరికేయమన్నారు. మిగతావాటి మానుకు సూదిమందు వేశారు. పురుగును రప్పించే వాసన బిళ్లతో బకెట్లు పెట్టారు. ఆ బకెట్లలో ఖర్జూరాలు, నీళ్లు వెయ్యడం, పడ్డ పురుగుల్ని ఏరడం నా పని. ఇంతవరకూ బాగానే ఉంది. అర్బాబ్ ఆగలేక ఎక్కడి నుంచో గోళీలు తెచ్చాడు. మన దగ్గర ధాన్యం గోదాముల్లో పెట్టే గోళీలే. రంధ్రంలో గోళీ తోసి మట్టితో మూసెయ్యాలి, తడి తగిలితే విషవాయువు పుడుతుంది. మాస్కు లేదు, తొడుగులు లేవు. నాతో ఉన్న బంగ్లాదేశ్ కుర్రాడు చెమట చేతులతోనే డబ్బా పట్టుకున్నాడు. మధ్యాహ్నానికి వాడికి వాంతులు, నాకు ఛాతీ పట్టేసి తల పగిలిపోయే నొప్పి. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ఆ వాయువుకు విరుగుడు మందు లేదని అక్కడి నర్సు, మలయాళీ ఆవిడ, చెప్పింది. వాడు నా పక్క మంచం మీద పడుకుని, వాళ్లమ్మకు ఫోన్లో నవ్వుతూ మాట్లాడాడు. బతికాడు. ఆ నెలే ఇంటికి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు.

చెట్లు నరికే పని జూలైలో పడింది. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ నియమం ఉంది. అందుకే తెల్లవారకముందే మొదలుపెట్టేవాణ్ని. పడిన చెట్టును అలాగే వదిలితే లోపలివి రెక్కలొచ్చి పక్క తోటకు పోతాయి. అందుకని ముక్కలు చేసి కాల్చాలి. ఖర్జూరం మాను పచ్చిది ఓ పట్టాన అంటుకోదు, గంటల తరబడి పొగలోనే ఉండాలి. అర్బాబ్ వాళ్లమ్మ గుమ్మంలో కూర్చుని చూసేది. ఒక చెట్టు ఆమె పెళ్లయి వచ్చిన ఏడు నాటిందట. ఏడవలేదు, నాకు కాఫీ పంపించింది. జీతం మాత్రం పూర్తిగా రాలేదు. కాపు పోయిందని సగం కోశాడు కొడుకు, ఆ సగం ఇప్పటికీ రాలేదు.

తోట పనికి పోయే మనవాళ్లకు నాలుగు మాటలు. మట్ట కొట్టిన చోట, పిలక తీసిన చోట అదే రోజు మందు పూసి మూసెయ్యండి. పురుగు ఉన్న తోట నుంచి పిలకలు తేవద్దు, ఇవ్వద్దు. మానుకు చెవి ఆనించడం, మొదలు వాసన చూడడం రోజూ చెయ్యండి. ఎవరైనా గోళీల డబ్బా చేతికిచ్చి మాస్కు ఇవ్వకపోతే, ఆ పని నా వల్ల కాదని చెప్పండి.