సంసారం ఉన్న విద్యార్థికి ఓ ఇల్లు

మా ఊరు పెదకూరపాడు నుంచి ఎవరు ఫోన్ చేసినా నేనేం చదువుతున్నానని అడిగేవాళ్ళు తక్కువ. "పిల్లాడితో ఎక్కడుంటున్నారమ్మా?" అన్నదే మొదటి మాట. యూనివర్సిటీ వాళ్ళిచ్చిన ఇంట్లోనే అంటే నమ్మరు. మా నాన్న మరీ విడ్డూరపడ్డారు. "అల్లుడుగారినీ బాబునీ కూడా హాస్టల్లోకి రానిస్తారా అమ్మా? అట్టా ఎట్టా కుదురుద్ది?" అని రెండు మూడు సార్లు అడిగారు. ఆయన అనుమానం సహజమే. మనకి తెలిసిన హాస్టలంటే పదహారు నుంచి పాతికేళ్ళ లోపు పిల్లలు పెట్టే బేడా పట్టుకుని ఒంటరిగా వచ్చి దిగేది. బాపట్ల వ్యవసాయ కళాశాలలో నేనున్నదీ అలాంటి హాస్టల్లోనే. వారానికోసారి అమ్మ పంపిన పచ్చడి సీసా గది మొత్తానికి ఒక్కపూటలో ఖాళీ అయ్యేది. ఆ వయసుకి అంతకన్నా ఏమీ అక్కర్లేదు కూడా.

బాపట్ల తర్వాత పెళ్ళి, ఉద్యోగం, పిల్లాడు. పీహెచ్‌డీ చేయాలన్న కోరిక మాత్రం అలాగే మిగిలిపోయింది. 2021–22లో మా పల్నాడు మిరప చేలని నల్ల తామర పురుగు ఊడ్చిపెట్టింది. పూత మొత్తం మాడిపోయిన చేలో నాన్న నిలబడి, "నువ్వు చదివింది పురుగుల చదువే కదమ్మా, దీనికేం చెయ్యాలో చెప్పు" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. అప్పటికే దేశమంతా శాస్త్రవేత్తలు దాని వెనక పడ్డారు. ఆ పనిలో నేనూ ఉండాలనిపించింది. నలభై దగ్గర పడుతున్న వయసులో అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం కీటకశాస్త్ర విభాగంలో సీటొచ్చింది. సీటు రావడం ఒక ఎత్తు, ముగ్గురం అక్కడ ఎలా బతుకుతామన్నది ఇంకో ఎత్తు. ఆ రెండో ప్రశ్నకి జవాబే ఈగిల్ హైట్స్.

మాడిసన్‌లో మా యూనివర్సిటీ క్యాంపస్‌కి పడమటి కొసన, మెండోటా సరస్సు పక్కన, గుట్ట మీద ఉంటుంది ఈ కాలనీ. ఎత్తు తక్కువ భవనాలు, వెయ్యికి పైగా ఇళ్ళు. ఒక పడకగదివీ ఉన్నాయి, రెండు మూడు పడకగదులవీ ఉన్నాయి. దగ్గర్లోనే యూనివర్సిటీ హౌసెస్ అని అంతకన్నా పాత కాలనీ ఇంకొకటి ఉంది. డిగ్రీ పిల్లలుండే డార్మిటరీలు వేరు, ఇవి వేరు. మెస్సు లేదు, వార్డెన్ లేదు, రాత్రి ఇన్ని గంటలకల్లా గేటు వేసేయడం లేదు. ఎవరి వంట వాళ్ళది, ఎవరి తాళంచెవి వాళ్ళది. 80వ నంబరు బస్సు టికెట్టు లేకుండానే డిపార్ట్‌మెంటు దాకా తీసుకెళ్తుంది. పిల్లాడి బడి షోర్‌వుడ్ హిల్స్‌లో, ప్రభుత్వ బడి, ఫీజు లేదు. కాలనీ పక్క అడవిలో ఈ నేల అసలు వాసులైన హోచంక్ ప్రజల పూర్వీకులు కట్టిన మట్టిదిబ్బలున్నాయి. అమరావతి దీపాలదిన్నె చూస్తూ పెరిగినదాన్ని కాబట్టేమో, అటువైపు నడిచినప్పుడల్లా చెప్పులు విప్పాలనిపిస్తుంది.

మా మెట్ల మీద నాలుగు కుటుంబాలు. కింద ఒక కొరియా ఆవిడ, ఇద్దరు పిల్లల తల్లి, నర్సింగ్‌లో పరిశోధన చేస్తోంది. ఎదుటింట్లో ఈజిప్టు నుంచి వచ్చిన సివిల్ ఇంజినీరు, ఆయన భార్య, కవల పిల్లలు. పైన ఒక అమెరికన్, సైన్యంలో పనిచేసి వచ్చాక మళ్ళీ చదువు మొదలుపెట్టినాయన. ఇక్కడ నా వయసు గురించి ఒక్కరూ అడగలేదు. క్లాసులో ఇరవై రెండేళ్ళ పిల్లల మధ్య కూర్చున్నప్పుడు నాకు నేను పరాయిగా అనిపించిన రోజులున్నాయి. సాయంత్రం బస్సు దిగి ఆటస్థలం దగ్గరికి వస్తే, ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ ఇంకో చేత్తో జర్నల్ పేపర్ పట్టుకున్న తల్లులూ తండ్రులూ కనిపిస్తారు. అప్పుడు ఊపిరి ఆడుతుంది.

నా చదువు గది మా వంటింటి బల్లే. రాత్రి గిన్నెలు సర్ది, బాబు పడుకున్నాక, బల్ల మీద అన్నం మెతుకులు తుడిచి లాప్‌టాప్ తెరుస్తాను. కరెంటు పొయ్యి చల్లారడానికి చాలాసేపు పడుతుంది కాబట్టి దాని మీదే పాలు వెచ్చగా ఉంటాయి. ల్యాబులో పెట్టిన ప్రయోగానికి పొద్దున నాలుగింటికి లెక్క తీసుకోవాలంటే, బాబుని లేపకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోతాను, ఆయన ఇంట్లో ఉంటారు. ఊరికి దూరంగా అపార్ట్‌మెంటు తీసుకుని, కారు లేక, బస్సు కోసం చూసుకుంటూ ఇది చేయగలిగేదాన్నా? చేయలేకపోయేదాన్ని. మంచి గైడు దొరకాలి, నిధులుండాలి అని అందరూ చెబుతారు. పిల్లలున్న ఆడదాని పరిశోధనకి ల్యాబు నుంచి ఇంటికి ఎన్ని నిమిషాలు పడుతుందన్నది కూడా అంతే ముఖ్యం.

ఇక తోట సంగతి చెప్పకపోతే ఈగిల్ హైట్స్ గురించి చెప్పినట్టే కాదు. 1962 నుంచి ఇక్కడ నివాసులకి కూరగాయల మడులు ఇస్తున్నారు. ఇప్పుడు ఐదొందలకు పైగా ఉంటాయి. ఏడాదికి కొద్దిపాటి రుసుము. మాకొకటి దక్కింది. మా ఊళ్ళో జూలై, ఆగస్టుల్లో మిరప నారు పోసి, నాటు వేసి, డిసెంబరు చివర నుంచి కోతలు కోస్తారు. ఇక్కడ మే నెల సగం దాకా మంచు భయం, మళ్ళీ అక్టోబరుకల్లా మంచు. అందుకని మార్చిలోనే కిటికీ దగ్గర పెరుగు డబ్బాల్లో నారు పోస్తాం. విత్తనం ఇక్కడే కొన్నాను. ఊరి నుంచి తెచ్చుకోవాలంటే అనుమతులు కావాలి, నా పని తెలిసినదాన్ని ఆ నియమం మీరలేను. మే చివర నాటితే ఆగస్టుకి పచ్చిమిరపకాయలొస్తాయి, మొక్క మీద పండి ఎండేదాకా ఆగే ఎండ ఇక్కడ లేదు. గోంగూర మాత్రం ఇక్కడి రెండు నెలల వేడికే నడుమెత్తు పెరిగింది. ఈజిప్టు ఆవిడ అది చూసి, వాళ్ళు ఎర్ర పానీయం కాచుకునే మొక్క అనుకుని సంబరపడింది. రెండూ దగ్గరి చుట్టాలే. ఆకు పులుసు కూర చేసి పంపితే, ఆవిడ మొలోఖియా ఆకు కూర వండి పంపింది. మా ఆయనకి ఇంగ్లీషు మాటలాడే ధైర్యం వచ్చింది ఆ మడుల దగ్గరే.

ఆయన గురించి కూడా చెప్పాలి. నాది ఎఫ్-1 వీసా, ఆయనదీ బాబుదీ ఎఫ్-2. ఎఫ్-2 మీద ఉద్యోగం చేయకూడదు. 2015 నుంచి పార్ట్‌టైమ్‌గా కోర్సులు చదువుకోవచ్చు, అంతే. గుంటూరులో మంచి ఉద్యోగం వదిలి ఆయన ఇల్లు చూసుకుంటున్నారు. "మీ అబ్బాయి అక్కడ ఏం చేస్తున్నాడు?" అని ఊళ్ళో అడిగితే మా అత్తయ్య, "మా కోడలికి చదువు చెప్పిస్తున్నాడు" అని సమాధానం చెబుతుందట. ఆ మాట విన్న రోజు నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను.

ఈ ఇళ్ళు ఎలా వచ్చాయో తెలుసుకున్నాక వీటి మీద గౌరవం ఇంకా పెరిగింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేముందు, 1944లో, సైన్యం నుంచి తిరిగొచ్చేవాళ్ళ చదువు ఖర్చు ప్రభుత్వమే భరిస్తుందని అమెరికా చట్టం చేసింది. 1947 నాటికి ఇక్కడి కాలేజీల్లో చేరినవాళ్ళలో దాదాపు సగం మంది ఆ మాజీ సైనికులే. వాళ్ళు కుర్రాళ్ళు కారు. పెళ్ళిళ్ళయ్యాయి, చంకన పిల్లలున్నారు. కాలేజీల్లో ఉన్నవేమో బ్రహ్మచారుల గదులు. మాడిసన్‌లో ఫుట్‌బాల్ మైదానం పక్కన ట్రైలర్లు వేసి కాపురాలు పెట్టించారు. చాలక, దూరాన మందుగుండు కర్మాగారం దగ్గరున్న కార్మికుల ఇళ్ళలో ఇంకొందరిని ఉంచి బస్సుల్లో క్లాసులకి తీసుకొచ్చారు. ఆ తర్వాతే 1950ల చివర్లో ఈగిల్ హైట్స్ కట్టడం మొదలైంది. ముందు మనుషులొచ్చారు, కాదనలేని పరిస్థితి వచ్చింది, ఆ వెనకే ఇళ్ళొచ్చాయి.

ఇది చదువుతుంటే నాకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గుర్తొచ్చారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళి వచ్చాక, చిన్నప్పుడు ఆగిపోయిన చదువుని ఆవిడ మళ్ళీ అందుకున్నారు. కాశీలో మెట్రిక్, ఇంటర్ పూర్తిచేసి, 1930ల మధ్యలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బీఏలో చేరదామని వాల్తేరు వెళ్ళారు. ఆడవాళ్ళకి హాస్టలు లేదు కాబట్టి చేర్చుకోవడం కుదరదన్నారు వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. ఆవిడ వెనక్కి తిరిగి రాలేదు. వసతి లేక చదువాగిపోయిన ఆడపిల్లలెవరైనా ఉంటే రమ్మని పత్రికలో ప్రకటన వేయించారు. వచ్చినవాళ్ళని కలుపుకుని తామే ఓ హాస్టలు నడుపుకున్నారు, సీటు సంపాదించుకున్నారు. తర్వాత ఆంధ్ర మహిళా సభ పెట్టినా, కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తొలి అధ్యక్షురాలిగా వయసొచ్చిన ఆడవాళ్ళకి తక్కువ కాలంలో చదువు పూర్తిచేసే కోర్సులు నడిపించినా, ఆవిడకి తెలిసిన సంగతి ఒకటే: ఆడదానికి చదువు చెప్పాలంటే ముందు ఆమె ఎక్కడ పడుకుంటుందో చూడాలి.

ఇంత కాలమైనా ఆ సంగతి మనకి సగమే అర్థమైంది. ఆడపిల్లల హాస్టళ్ళు కట్టాం. పెళ్ళయిన ఆడపిల్ల, తల్లయిన ఆడపిల్ల చదువుకుంటానని వస్తే ఎక్కడుండాలో ఆలోచించలేదు. ఢిల్లీ జేఎన్‌యూలో పెళ్ళయిన పరిశోధక విద్యార్థుల కోసం మహానది అని విడిగా హాస్టలుంది. మా ప్రాంతంలో నేను చూసిన హాస్టళ్ళలో మాత్రం తల్లితో పాటు బిడ్డకి చోటు లేదు. గుంటూరు వీధుల్లో టు-లెట్ బోర్డు కింద "ఫ్యామిలీకి మాత్రమే" అని రాస్తారు. యూనివర్సిటీ గేటు దాటగానే లెక్క తిరగబడుతుంది, ఫ్యామిలీ ఉంటే గది లేదు.

నాతో బాపట్లలో చదివిన స్నేహితురాలు ఒకామె ఉంది. మా బ్యాచ్‌లో అందరికన్నా తెలివైనది. ఒక విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ సీటు తెచ్చుకుంది, అప్పటికి పాపకి ఏడాది. హాస్టల్లో పాపని ఉండనివ్వలేదు. బయట ఇల్లు తీసుకుందామంటే ఫెలోషిప్ నెలనెలా చేతికందేది కాదు. అత్తగారింటి నుంచి పొద్దున్నే బస్సెక్కి, పాలు గడ్డకట్టి జ్వరం వచ్చినా తిరిగి, కొన్నాళ్ళకి మానేసింది. "సంసారం కదా, కుదరలేదు పాపం" అన్నారు అందరూ. ఆ సంసారాన్ని తనతో తెచ్చుకోవడానికి రెండు గదులిచ్చి ఉంటే ఆమె ఈపాటికి ఎంతమందికో గైడుగా ఉండేది. నాకు ఇక్కడ దొరికింది ఆమెకి అక్కడ దొరకలేదు, తేడా అంతవరకే. రాష్ట్రంలో ప్రతి విశ్వవిద్యాలయం కనీసం పాతిక ఇళ్ళైనా ఇలాంటివాళ్ళ కోసం కట్టాలి, పక్కనే పసిపిల్లల్ని చూసుకునే చోటు పెట్టాలి. అధ్యాపకులకి క్వార్టర్లు కట్టడం మనకి చేతనైన పనే కదా.

అమెరికాలో అంతా బాగుందని చెప్పబోవడం లేదు. నా స్టైపెండులో సగానికి పైనే అద్దెకి పోతుంది. ఇళ్ళు పాతబడ్డాయి, వెయిటింగ్ లిస్టు ఉంటుంది. కొన్ని చోట్ల అయితే ఇలాంటి కాలనీలే మూతబడ్డాయి. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో స్పార్టన్ విలేజ్, ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో బకై విలేజ్ ఎన్నో విదేశీ కుటుంబాలని సాకిన చోట్లు, ఇప్పుడు అక్కడ కాపురాలు లేవు. పాత ఇంటికి మరమ్మతు ఖర్చు ఎక్కువన్నది నిజమే కావచ్చు. కానీ వాటితో పాటు సంసారమున్న విద్యార్థికి దారి కూడా మూసుకుపోతోందని ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి.

ఈమధ్య నరసరావుపేట, సత్తెనపల్లి వైపు నుంచి కొందరు టీచర్లు, నర్సులు నాకు ఫోన్లు చేస్తున్నారు. అందరిదీ ఒకటే గుబులు, పిల్లల్ని తీసుకుని ఈ వయసులో రాగలమా అని. వాళ్ళకి చెబుతున్నదే ఇక్కడా చెబుతాను. యూనివర్సిటీలు ఎంచుకునేటప్పుడే కుటుంబాలకి ఇళ్ళున్నాయో లేదో చూసుకోండి, ర్యాంకు తర్వాత చూద్దురుగాని. అడ్మిషన్ ఉత్తరం చేతికందిన రోజే ఇంటికి దరఖాస్తు పెట్టండి, వీసా వచ్చేదాకా ఆగొద్దు. అద్దెలో కరెంటు, హీటింగు, ఇంటర్నెట్ కలిసి ఉన్నాయో విడిగా కట్టాలో రాతపూర్వకంగా అడగండి. బడి ఎంత దూరమో, బస్సు రాత్రి ఎన్ని గంటలదాకా తిరుగుతుందో కనుక్కోండి. ఇంట్లోవాళ్ళకి ఎఫ్-2 మీద సంపాదన ఉండదని ముందే మనసు విప్పి చెప్పి, ఒప్పించి తీసుకురండి. ఇక్కడికొచ్చాక మొదటి వారం మా ఇంట్లో దిగొచ్చు. బియ్యం, కందిపప్పు, నాలుగు పచ్చిమిరపకాయలు ఎప్పుడూ ఉంటాయి.