చర్చి మానేశాను... నమ్మకం మానలేదు!

‘నువ్వింకా దేవుణ్ని నమ్ముతున్నావా?’

చర్చికి వెళ్లడం మానేసిన ఈ మూడేళ్లలో నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. చుట్టాలు భయంగా అడుగుతారు. ఆఫీసులో ఫ్రెండ్స్ కుతూహలంగా అడుగుతారు. నమ్ముతున్నానంటే ఇద్దరూ నమ్మరు. చర్చి లేని క్రైస్తవుడంటే సిమ్ లేని ఫోన్ అని వాళ్ల లెక్క.

మాది గుంటూరు జిల్లాలో ఒక చిన్న ఊరు. సండే స్కూలు, కంఠతా వాక్యాల పోటీలు, డిసెంబర్ 31 రాత్రి వాచ్ నైట్... నా చిన్నతనమంతా చర్చి కాంపౌండ్‌లోనే గడిచింది. బయటికి రావడానికి కారణం దేవుడు కాదు. కమిటీ ఎన్నికల్లో సంఘం రెండు వర్గాలైంది. స్థలం మీద కేసులు పడ్డాయి. ఓ ఆదివారం దశమభాగం ఇవ్వనివాళ్ల పేర్లు పుల్పిట్ మీంచి చదివారు. అందులో మిరప కోతలకు కూలికెళ్లే ఒక పెద్దమ్మ పేరుంది. ఆవిడ ముసుగు ఇంకాస్త ముందుకు లాక్కుని తలొంచుకుంది. ఆ తర్వాత నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు.

హైదరాబాద్‌లో మొదట్లో హాయిగానే ఉండేది. పదింటికి లేవడం, ఇయర్‌ఫోన్స్‌లో పాటలు, ప్రసంగం ఒకటిన్నర స్పీడులో. బోర్ కొడితే ఇంకో పాస్టరు. కొన్నాళ్లకి ఒకటి గమనించాను. నాకు నచ్చిన వాక్యమే వింటున్నాను. నచ్చనివాళ్ల పక్కన కూర్చునే పనే లేదు. జ్వరమొచ్చి నాలుగు రోజులు రూమ్‌లో పడుంటే అడిగినవాళ్లూ లేరు. ఊళ్లో అయితే రెండు ఆదివారాలు కనబడకపోతే చాలు, ఎవరో ఒకరు ఇంటికొచ్చేసేవారు.

చర్చి బయట క్రీస్తును వెతుక్కోవడం మన దగ్గర కొత్తేం కాదు. 1942లో తనకు క్రీస్తు దర్శనమైందని చెప్పిన కలగర సుబ్బారావు బాప్తిస్మం వద్దన్నారు, చర్చి వద్దన్నారు. అయినా కోస్తా ఆంధ్రలో ప్రార్థన కోసం ఆయన చుట్టూ జనం కూడారు. మిషన్ సంఘాల బయట స్వతంత్ర కూడికలు మొదలుపెట్టిన భక్త్ సింగ్‌ది కూడా అదే దారి. హైదరాబాద్‌లోని ఆయన హెబ్రోనులో ఆరాధన అయ్యాక అందరూ కలిసి కూర్చుని తినేవారు. ఇద్దరూ ఒక వ్యవస్థని వద్దనుకున్నారు. మనుషుల్ని వద్దనుకోలేదు.

అసలు ‘సంఘం’ అని మనం చదివే మాటకు మూలం గ్రీకులో ‘ఎక్లేసియా’. అంటే భవనం కాదు, కూడిన జనం. రోమీయులకు రాసిన పత్రికలో పౌలు వందనాలు చెప్పింది అకుల, ప్రిస్కిల్లల ఇంట్లో కూడే సంఘానికే.

ఇప్పుడు మేం అయిదుగురం. ఆదివారం సాయంత్రం మియాపూర్‌లో ఒకరి ఫ్లాట్‌లో కూడతాం. రూల్స్ మూడే.

ఒకటి, అధ్యాయాలు వరసగా చదవాలి. నచ్చినవి ఏరుకోకూడదు.

రెండు, జీతం పడిన రోజే పదోవంతు వేరే అకౌంట్‌కి వెళ్లాలి. మాకు భవనం లేదు, జీతాలివ్వాల్సిన వాళ్లు లేరు. కాబట్టి మొత్తం మనుషులకే. పోయిన జూన్‌లో మెస్‌లో వంట చేసే అక్క కూతురి ఇంటర్ ఫీజు కట్టాం. ఎవరెంత వేశారో లెక్క చూసేవాడికొక్కడికే తెలుసు. వాడు చెప్పడు.

మూడు, రానివాళ్లకి ఆ రాత్రే ఫోన్ చేయాలి. మెసేజ్ కాదు, ఫోన్.

అన్నీ తేలిపోయాయని కాదు. ప్రభు బల్ల సంగతే చూడండి. మనమే రొట్టె విరుచుకోవచ్చని నేనంటాను. అభిషేకం పొందిన అయ్యగారు లేకుండా కుదరదని మాలో ఒకమ్మాయి అంటుంది. తను నెలలో మొదటి ఆదివారం చర్చికెళ్లి ప్రభు బల్ల తీసుకుని, సాయంత్రం మా దగ్గరికొస్తుంది. దానిమీద గొడవ పడం. గొడవల రుచి చూసొచ్చినవాళ్లమే కదా!

అమ్మ ప్రశ్నకి మాత్రం నా దగ్గర జవాబు లేదు. పెళ్లికి చర్చి లేకపోతేనేం, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది కదా అన్నాను ఒకసారి. ‘పెళ్లి సరే నాన్నా, రేపు నేను పోతే మట్టి ఎవరు చేస్తారు?’ అంది.

మా ఊళ్లో సమాధుల తోటలో చోటు కావాలంటే సంఘంలో సభ్యత్వం ఉండాలి. నాన్న అక్కడే ఉన్నాడు. అమ్మ అడిగేది ఆయన పక్కన ఆరడుగుల నేల. ఆ అయిదుగురం వెళ్లి ప్రార్థన చేయగలం, పాట పాడగలం. ఆ నేల మాత్రం ఇప్పించలేం.

అందుకే ప్రతి నెలా నేను పంపే డబ్బుల్లోంచి అమ్మ ఆ చర్చికి చందా కడుతుంది. రసీదు మడిచి నాన్న బైబిల్లో దాస్తుంది. నేను వద్దనను.