బిగించే లెక్క

మా చేను దాకా కరెంటు స్తంభం రాలేదు. అడవి అంచున రెండెకరాలు. వాగులోంచి నీళ్లు తోడాలంటే బాపు కొన్న ఒక సిలిండరు డీజిల్ ఇంజనే దిక్కు. ఒక యాసంగిలో మక్క పీచు వేసే వేళకు అది మొరాయించింది. చల్లబరిచే నీళ్లలో బుడగలు, గొట్టంలోంచి తెల్లపొగ. ఆయిల్ పుల్ల తీసి చూస్తే ఆయిల్ మజ్జిగలా ఉంది. హెడ్ గ్యాస్కెట్ పోయి నీళ్లు ఆయిల్‌లో కలిశాయన్నమాట.

ట్రాలీ కిరాయి పెట్టి మెట్‌పల్లి దాకా తీసుకుపోవడం దండగనిపించింది. డి.ఎడ్. చదివినవాణ్ని, పిల్లలకు మీటల సూత్రం చెప్పేవాణ్ని, నాలుగు నట్లు బిగించలేనా అనుకున్నాను. కొత్త గ్యాస్కెట్ వేసి, ఒక మూల నట్టును బలం కొద్దీ బిగించి, తర్వాత పక్కదానికి పోయాను. పానాకు ఇనుప గొట్టం తొడిగి తమ్ముడు కూడా ఊగాడు. ఎంత గట్టిగా పడితే అంత మంచిదని ఇద్దరి నమ్మకం.

మూడు రోజులకే మళ్లీ బుడగలు. అప్పటికి అంచు సాళ్లు వాడిపోయాయి. అవ్వ ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ.

అప్పుడు కాకను పిలిచాను. కాక ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టర్ల దగ్గర పనిచేశాడు. 2015లో ఫ్యాక్టరీ మూతబడ్డాక ఇంటికొచ్చాడు. హెడ్ విప్పి, ఇనుప స్కేలు అంచును దాని మీద నిలబెట్టి, అవతల నుంచి టార్చి వేసి సందు ఉందేమో చూశాడు. అదృష్టం, హెడ్ వంగలేదు. నలిగిన గ్యాస్కెట్ చేతిలోకి తీసుకుని అన్నాడు: "సారూ, ఒక్క మూలనే గుంజినవ్. గా మూల అనిగింది, ఎదురు మూల లేసింది."

ముందు మరలన్నీ బ్రష్షుతో రుద్దించాడు. తర్వాత మరల మీదా, వాషరు కిందా పల్చగా ఆయిల్. నేను లోతుగా పోయబోతే చెయ్యి పట్టుకున్నాడు. అడుగు మూసి ఉన్న రంధ్రంలో ఆయిల్ నిలిస్తే బోల్టు దిగేటప్పుడు దానికి పోయే దారి ఉండదు, బ్లాకే పగలొచ్చు. ఆయిల్ ఎందుకో తర్వాత చదివి తెలుసుకున్నాను. మనం పానా మీద పెట్టే బలంలో దాదాపు పదింట తొమ్మిది వంతులు రాపిడికే పోతాయి. మిగిలిన ఒక్క వంతే బోల్టును స్ప్రింగులా కాస్త సాగదీసి హెడ్‌ను పట్టి ఉంచుతుంది. తుప్పు ఉంటే ఆ వంతు కూడా తగ్గుతుంది. చేతికి మాత్రం గట్టిగానే తగులుతుంది.

టార్క్ పానా మా దగ్గర లేదు. కాక మిర్చి తూచే స్ప్రింగు కాంటా తెచ్చాడు. నట్టు నడిమి నుంచి అర మీటరు కొలిచి గొట్టానికి గీత పెట్టి, అక్కడ కాంటా కొక్కెం తగిలించి, గొట్టానికి అడ్డంగా, నిటారు కోణంలో లాగమన్నాడు. ముల్లు 20 కిలోలు చూపితే 10 కేజీ-మీటరు, అంటే సుమారు 98 న్యూటన్ మీటర్లు. (కేజీ-మీటరును కిలోమీటరని చదివే పిల్లలు నాకు ప్రతి ఏడూ ఉంటారు.) ఇది లెక్క అర్థం కావడానికే చెబుతున్నాను. ప్రతి ఇంజనుకూ అంకె వేరు, దాని పుస్తకంలో చూడాలి. మాది పోయింది, విడిభాగాల దుకాణంలో అడిగి రాసుకొచ్చాను.

ఆ అంకెను మూడు వంతులు చేశాం. మొదటి వంతు నాలుగు నట్లకూ, ఎదురెదురు మూలలుగా. మళ్లీ అదే వరసలో రెండో వంతు, ఆపైన మూడోది. ఎక్కువ సిలిండర్ల ఇంజనైతే నడిమి నుంచి బయటికి పోతారు. తర్వాత వాల్వుల సందు సరిచేసి, ఇంజను నడిపి, పూర్తిగా చల్లారనిచ్చి, మా రకం గ్యాస్కెట్‌కు కావాలని ఇంకోసారి చూశాం. ఇప్పటి కార్లలో కొన్ని బోల్టులు ఒకసారి సాగాక మళ్లీ వాడకూడనివి. వాటికి ఈ పద్ధతి పనికిరాదు.

నీళ్లు ఎక్కాయి. వాడిన సాళ్లు తిరిగి లేవలేదు, తక్కిన చేను నిలిచింది.

ఆ వారం కాంటా బడికి తీసుకుపోయాను. కిటికీ బోల్టుకు పానా తగిలించి, దగ్గర నుంచి ఒకసారి, దూరం నుంచి ఒకసారి లాగించాను. ఇన్నేళ్లూ నల్లబల్ల మీద గీతలతో చెప్పిన పాఠం అది. ఒక పాప రెండుసార్లు ముల్లు చూసి, "సార్, దగ్గర్నుంచైతే బోల్టు బరువైతదా?" అంది. బోల్టు అదే బోల్టు అని తేల్చేసరికి గంట కొట్టేశారు.

కాంటా ఇంకా బడిలోనే ఉంది. కాక రెండుసార్లు అడిగాడు.