మామ నడిపిన హెరాల్డు

ఇంతవరకు మన ఇంటి మగ్గాల గురించి, పెళ్ళి పత్రికల గురించి, తాతల కాలం దస్తావేజుల గురించి రాస్తూ వచ్చాను. ఈసారి పన్నెండు సెంటీమీటర్ల పొడవున్న ఒక కారు గురించి రాస్తున్నాను. బొమ్మే కదా అని తీసిపారేయకండి. ఆ బొమ్మ చెయ్యబట్టే, యాభై ఏళ్ళుగా ఎవరూ అడగని సంగతులు కొన్ని బయటికొచ్చాయి.

నాకు మోడల్ కార్ల పిచ్చి ఉందని మనవాళ్ళందరికీ తెలుసు. అత్తిమంజేరిపేటలో మా ఇంటికి వచ్చినవాళ్ళు ముందు ఆ అద్దాల బీరువానే చూస్తారు. "ఈ వయసులో ఇదేం ఆటరా" అని అడగని చుట్టం లేడు. అడిగినవాళ్ళందరికీ కలిపి ఇక్కడే చెప్పేస్తాను.

మోడల్ కార్లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి తయారుగా దొరికే లోహపు కార్లు. లండన్‌లో లెస్నీ అనే కంపెనీ 1953లో మొదలుపెట్టిన మ్యాచ్‌బాక్సు కార్లు ఈ రకమే. ఆ కంపెనీలో జాక్ ఓడెల్ అనే ఆయన కూతురి బళ్ళో, అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలు మాత్రమే తేవచ్చని రూలుండేదట. ఆ పిల్ల కోసం ఆయన అగ్గిపెట్టెలో పట్టేంత రోడ్డు రోలరు చేసిచ్చాడు. అక్కడ పుట్టిందే ఆ పేరు. రెండో రకం కిట్లు. డబ్బా తెరిస్తే కారు ఉండదు, ప్లాస్టిక్ ఫ్రేములకు అంటుకొని ఉన్న ముక్కలుంటాయి. వాటిని ఒక్కొక్కటే కత్తిరించి, అంచులు శాండ్ పేపరుతో నున్నగా రుద్ది, సబ్బునీళ్ళలో కడిగి, ప్రైమరు కొట్టి, పల్చగా రెండు మూడు చేతులు రంగు వేసి, అతుక్కోవాలి. ఈ ప్లాస్టిక్ జిగురు మన ఫెవికాల్ మాదిరి పట్టుకునేది కాదు. ప్లాస్టిక్ అంచుల్ని కాస్త కరిగించి రెండింటినీ ఒకటి చేస్తుంది. ఒక చుక్క పక్కకు జారిందంటే రంగు, అద్దం అన్నీ పోయినట్టే.

కొలతకు కూడా ఒక లెక్కుంది. 1/24 అంటే అసలు కారులో ఇరవైనాలుగో వంతు, 1/32 అంటే ముప్పైరెండో వంతు. 1/43 అనే వింత లెక్క బొమ్మ రైళ్ళ నుంచి వచ్చింది. అడుగుకు ఏడు మిల్లీమీటర్ల లెక్కన చేసే రైళ్ళ పక్కన నిలబెట్టడానికి చేసిన కార్లవి.

ఇన్ని కొలతల్లో, ప్రపంచంలోని ఇన్ని కార్లకు కిట్లుంటే, మన కళ్ళముందు తిరిగిన కార్లకు మాత్రం దాదాపు లేవు. మన తిరువళ్ళూరులోనే హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు 1998 నుంచి మిత్సుబిషి లాన్సర్ చేశారు. జపాన్‌లో టమియా, హసెగావా కంపెనీలు లాన్సర్‌కు కిట్లు చేశాయి గానీ, అవి ర్యాలీల్లో పరిగెత్తే ఎవల్యూషన్ రకానికి. మన రోడ్లమీద తిరిగిన మామూలు లాన్సర్‌కు కాదు. అంబాసిడర్ కావాలంటే వెనక్కి లాగి వదిలే ప్లాస్టిక్ బొమ్మ దొరుకుతుంది. పిల్లలకు బాగుంటుంది, అంతే.

ఒక్క కారు దగ్గర మాత్రం మనకు అదృష్టం కలిసొచ్చింది. అదే స్టాండర్డ్ హెరాల్డు.

1960లలో మన దేశంలో కారు కొనాలంటే ప్రధానంగా మూడే ఉండేవి: అంబాసిడర్, ఫియట్, హెరాల్డు. అంబాసిడర్ కలకత్తా దగ్గర, ఫియట్ బొంబాయిలో తయారయ్యేవి. హెరాల్డు మన మద్రాసుది. ఇంగ్లండులో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డునే 1961 నుంచి స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీ మద్రాసులో చేసింది. ఆకారం గీసింది మిచెలొట్టి అనే ఇటలీ ఆయన. ఇంజను 948 సీసీ.

ఈ కారు పుట్టుకలోనే ఒక తమాషా ఉంది. ఇంగ్లండులో ట్రయంఫ్ వాళ్ళకు బాడీలు చేసిచ్చే కంపెనీని పోటీ కంపెనీ కొనేసింది. పెద్ద బాడీ మొత్తం ఒకేచోట చేయించుకునే దారి లేక, ముక్కలు ముక్కలుగా చేయించి, విడిగా ఉన్న చాసిస్ మీద బోల్టులతో బిగించే పద్ధతి పెట్టుకున్నారు. ముక్కలుగా పంపి దూరదేశాల్లో బిగించుకోడానికి కూడా అది అనువుగా ఉండింది. అంటే అసలు కారే ఒక పెద్ద కిట్! ఇంగ్లండు కంపెనీ ఎయిర్‌ఫిక్స్ దీనికి 1/32 కొలతలో కిట్టు చేసింది. లండన్‌లో ఉన్న మా చెల్లెలి కొడుకు కిందటేడాది వస్తూ అది తెచ్చిచ్చాడు. "మామా, ఇది మన ఊరి కారంట కదా" అన్నాడు. వాడికి తెలియంది ఏమంటే, అది మన ఇంటి కారు కూడా.

నగరిలో ఉన్న మా పెద్దమామ, అంటే అమ్మకు పెద్దన్న, వయసులో ఉండగా ఒక బట్టల వ్యాపారి దగ్గర డ్రైవరుగా చేశాడు. ఆ వ్యాపారి మద్రాసులో సెకండ్‌హ్యాండులో కొన్న హెరాల్డునే మామ నడిపేది. మన పేటలో, పొదటూరుపేటలో నేసిన లుంగీల లెక్కలు చూడ్డానికి వ్యాపారి ఆ కార్లోనే వచ్చేవాడట. 1971లో అమ్మ పెళ్ళికూతురై నగరి నుంచి ఈ ఊరికి వచ్చింది కూడా అందులోనే. దానికి సాక్ష్యం ఒకే ఒక్క నలుపు తెలుపు ఫోటో. అందులో నాయన, అమ్మ, వెనకాల మామ సగం మొహం, ఆ పక్కన కారు హెడ్‌లైటు, కాస్త బానెట్టు. అంతే.

కిట్టు చేతికొచ్చాక తెలిసింది, ఫోటో ముందు కూర్చొని "ఆ రోజులే వేరు" అనుకోవడం ఎంత తేలికో. కిట్టు అట్లా ఊరుకోదు. తలుపులు రెండా నాలుగా? రంగేది? సీట్లు ఏ రంగు? నంబరు పలక మీద ఏముంది? ఒక్కోదానికీ జవాబు చెప్పందే పని ముందుకు జరగదు. నాయన పోయి తొమ్మిదేళ్ళయింది. అడగడానికి ఇద్దరే ఉన్నారు, అమ్మ, మామ. మామకు ఎనభై దాటింది. చూపు మందగించింది. ఒకరోజు అన్నీ చెప్తాడు, ఇంకోరోజు ఎదురుగా ఉన్నదెవరో గుర్తుపట్టడు. అందుకే ఆలస్యం చెయ్యకుండా ప్రతి ఆదివారం డబ్బా సంచిలో వేసుకొని, అమ్మను ఎక్కించుకొని నగరికి పోవడం మొదలుపెట్టాను.

మొదటి ప్రశ్న తలుపులు. కిట్టులో ఉన్నది రెండు తలుపుల ఇంగ్లండు కారు. కానీ మద్రాసు కంపెనీ 1960ల చివర్లో మనవాళ్ళ కోసమని ప్రత్యేకంగా నాలుగు తలుపుల హెరాల్డు చేసింది. మనకు కారంటే వెనక సీట్లో నలుగురు కూర్చోవాలి కదా! మామ నడిపింది ఆ రకమైతే నేను పక్కభాగమంతా కోసి, ప్లాస్టిక్ షీటుతో కొత్తగా తలుపులు చెక్కాలి. మామను అడిగితే "తలుపులు ఉండెరా అబ్బోడా, ఎన్నంటే ఏం చెప్పేది" అన్నాడు. ఇంతలో అమ్మ అందుకుంది. "రెండే. నాకు బాగా గుర్తు. ముందర సీటు వంచితేగాని వెనక్కి పోలేం. పెళ్ళి చీర అంచు ఆ సీటు కింద ఇరుక్కుండె. మీ అవ్వ కిందికి వంగి లాగతా ఉంటే అందరూ నవ్వినారు. నాకు ఏడుపొచ్చె."

ఆ చీర సంగతి నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు. మామ గట్టిగా నవ్వాడు. ఆ నవ్వుతో ఏదో తాళం తీసినట్టయింది ఆయనకు. "బానెట్టు సూసినావా? అది మామూలుగా లెయ్యదు. ముందర భాగమంతా, మడ్‌గార్డులతో సహా, ముందుకు వాలిపోతాది. టైరు మీదనే కూర్చొని ఇంజను పని సేసుకోవచ్చు. ఇరుకు సందులో కూడా ఒక్క దెబ్బకు తిప్పేస్తాంటిని" అని చేత్తో స్టీరింగు తిప్పి చూపించాడు. ఆ మాట అక్షరాలా నిజం. ఇరవైఐదు అడుగుల చోటుంటే చాలు, హెరాల్డు గుండ్రంగా తిరిగేస్తుందని పేరు.

రంగు దగ్గర మాత్రం అన్నాచెల్లెళ్ళకు పెద్ద గొడవే అయింది. మామ లేతనీలం అంటాడు. అమ్మ మీగడ రంగు అంటుంది. నలుపు తెలుపు ఫోటోలో ఆ రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి, అది పనికిరాదు. మూడు ఆదివారాలు ఈ పంచాయితీ నడిచింది. "రోజూ కడిగినోణ్ణి నేను" అని ఆయన, "పెళ్ళికూతుర్ని నేను" అని ఈమె. నాలుగో వారం మామే, ఎవరూ అడగకుండా, "ఆడికృత్తికకు తిరుత్తణి పోవాలని సేటు కొత్తగా పెయింటు ఏయించినాడు" అన్నాడు. ఆ తర్వాత వచ్చిన ఆవణి నెలలోనే పెళ్ళి. కొన్నప్పుడు ఏ రంగని అడిగితే "మీగడ రంగే" అన్నాడు.

అప్పుడు నాకు తట్టింది. రోడ్డు పక్క షెడ్లో రంగు వేయించినప్పుడు బయట వేస్తారు. తలుపు లోపలి అంచులు, కిటికీ కింది రేకు, వీటి జోలికి ఎవరు పోతారు? మామ రోజూ కడిగింది బయట, ఆయన చూసింది నీలం. అమ్మ ఆ రోజు తల వంచుకొని లోపల కూర్చుంది, ఆమె చూసింది పాత రంగు. ఇద్దరి మాటా నిజమే అయ్యుండాలి. ఇది నా లెక్కే గానీ, ఇద్దరికీ చెప్తే ఇద్దరూ "మరి నేను చెప్పలా!" అన్నారు. కారు బయటంతా లేతనీలం వేశాను, కిటికీలోంచి తొంగిచూస్తే కనిపించే అంచులకు మీగడ రంగు వేశాను.

చిన్న పనులు అమ్మ చేసింది. తలుపు పిడి బియ్యపు గింజంత కూడా ఉండదు. నా కళ్ళజోడుకు అది అందలేదు. అమ్మ పెళ్ళైన కొత్తలో పడుగు అతికేది. పాత పడుగు కొసలకు కొత్త పడుగు కొసలు, వేళ్ళకు బూడిద రాసుకొని, పోగు పోగూ కలిపి మెలితిప్పడం. వేల పోగుల్లో ఒక్కటి తప్పినా గుడ్డలో కనిపిస్తుంది. "రెండు పిడులేనా? ఇదా నువ్వు కష్టమనేది?" అని ట్వీజరు పక్కన పెట్టేసి, వేళ్ళతోనే పెట్టింది. వంకర పోలేదు, జిగురు జారలేదు. ఊళ్ళో చేతిమగ్గాలు పోయి పవర్‌లూములు వచ్చి ఇన్నేళ్ళయినా, ఆ వేళ్ళు ఏదీ మర్చిపోలేదు.

ఇక మిగిలింది నంబరు పలక. ఇక్కడ మన చరిత్ర అడ్డమొచ్చింది. 1960 ఏప్రిల్ 1కి ముందు మనమంతా చిత్తూరు జిల్లా వాళ్ళమే. పటాస్కర్ తీర్పు ప్రకారం ఆ రోజున తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రానికి పోయింది, నగరి ఆంధ్రలో ఉండిపోయింది. అమ్మ పుట్టిల్లు ఒక రాష్ట్రం, మెట్టిల్లు ఒక రాష్ట్రం అయ్యాయి. బస్సులో ఒక కునుకు కూడా పట్టని దూరానికి! ఆ రోజుల్లో మద్రాసు బండ్ల నంబరు ఎం అక్షరంతో, ఆంధ్ర బండ్లది ఏ అక్షరంతో మొదలయ్యేది. కారు మద్రాసులో కొన్నది, తిరిగింది నగరిలో. వ్యాపారి నంబరు మార్పించాడా లేదా? అమ్మకు తెలియదు. మామను అడిగిన రోజు ఆయన నన్ను నాయన అనుకొని, "బావా, భోంచేసి పోదువు కూర్చో" అన్నాడు. మళ్ళీ అడగలేదు. కూర్చొని భోంచేశాను.

కారు పూర్తయింది. అది నా బీరువాలో లేదు. నగరిలో మామ మంచం పక్క కిటికీలో ఉంది. కోడలు చెప్తుంది, పొద్దున్నే దాన్ని చేతిలోకి తీసుకొని, బొటనవేలితో బానెట్టు తడిమి, మళ్ళీ అక్కడే పెడతాడట. కొన్నిరోజులు అదేందో తెలుస్తుంది, కొన్నిరోజులు తెలియదు. అయినా తీసుకుంటాడు.

నంబరు పలకకు నల్లరంగు మాత్రమే వేశాను. తెల్ల అక్షరాలు రాయలేదు. ఏదో ఒకటి రాసేస్తే చూడ్డానికి నిండుగానే ఉండేది. కానీ చీర అంచు, మీగడ రంగు అన్నీ అడిగి తెలుసుకొని చేసిన కారు మీద అబద్ధపు నంబరు పెట్టబుద్ధి కాలేదు. 1971 ఆవణిలో ఆ పెళ్ళికి వచ్చినవాళ్ళు మన చుట్టాల్లో ఇంకా కొందరున్నారు. ఎవరింట్లోనైనా, ఏ ట్రంకుపెట్టె అడుగునైనా, ఆ కారు వెనకభాగం కనిపించే ఫోటో ఉంటే ఒకసారి చూసి చెప్పండి. సన్నని బ్రష్షు, తెల్లరంగు సీసా విడిగా తీసిపెట్టి ఉంచాను.