నకలే కదా!

"ఒరేయ్, ఇవి ఒరిజినల్ కావురా, ప్లాస్టర్ నకళ్ళు. పద పద, మమ్మీలు చూద్దాం" అన్నాడు మా రూమ్మేటు. ఆన్‌సైట్ మీద లండన్ వచ్చిన కొత్తల్లో సంగతి. బయట వాన, బ్రిటిష్ మ్యూజియంలోకి టిక్కెట్టు లేదు. మేం లోపలికెళ్ళడానికి అంతకన్నా గొప్ప కారణమేమీ లేదు లెండి.

మామూలుగా అయితే నేనూ వాడి వెంటే పోయేవాణ్ణి. కానీ ఆ పలకలు ఎప్పటివో చదివి ఆగిపోయా. ఎందుకో తర్వాత చెబుతా, ముందు కాస్త చరిత్ర.

ఏథెన్సు కొండ మీది పార్థెనాన్ గుడిని క్రీ.పూ. 447లో మొదలుపెట్టి 432కల్లా పూర్తిచేశారు. లోపలి కట్టడం గోడల పైన చుట్టూతా 160 మీటర్ల పొడవున ఓ ఊరేగింపు చెక్కారు. గుర్రాలు, రౌతులు, బలికి తోలుకెళ్ళే పశువులు. 1687లో వెనిస్ సైన్యం పేల్చిన గుండు, తుర్కులు లోపల దాచిన మందుగుండు మీద పడి గుడి మధ్యభాగం ఎగిరిపోయింది. 1799లో ఇస్తాంబుల్‌కి బ్రిటిష్ రాయబారిగా వెళ్ళిన ఎల్గిన్ ప్రభువు మొదట అనుకున్నది బొమ్మలు గీయించి, అచ్చులు తీయించుకుపోదామనే. తర్వాత రాళ్ళే ఊడబీకించాడు. 1816లో బ్రిటిష్ పార్లమెంటు వాటిని 35,000 పౌండ్లకి కొన్నది. ఈ గొడవ చాలామందికి తెలిసిందే.

పెద్దగా ఎవరూ మాట్లాడుకోనిది ఇంకోటుంది. పడమటి వైపు ఊరేగింపులో చాలా భాగాన్ని ఆయన మనుషులు కదపలేదు. 1802లో అచ్చులు మాత్రం తీశారు. జిప్సమ్‌ని 150 డిగ్రీల దాకా కాలిస్తే అందులో నీరు చాలావరకు పోయి పొడి అవుతుంది. మళ్ళీ నీళ్ళు కలిపితే గట్టిపడుతుంది. అంతే టెక్నాలజీ! కాకపోతే శిల్పంలో లోతైన మడతలుంటే అచ్చు ఒక్క ముక్కగా ఊడిరాదు. ముక్కలుగా తీసి కలపాలి. ఆ అతుకుల గీతలు పోత మీద సన్నగా కనబడుతుంటాయి.

అసలు రాళ్ళేమో 1993 దాకా గుడి మీదే ఉండిపోయాయి. ఏథెన్సు పొగలోని సల్ఫర్ డయాక్సైడ్, తేమ కలిసి పాలరాతి మీద పనిచేస్తే ఆ పైపొర జిప్సమ్‌గా మారుతుంది. అంటే ఒరిజినలే మెల్లమెల్లగా ప్లాస్టర్ అయిపోయిందన్నమాట! 1802 పోతల్లో కనిపించే కొన్ని వివరాలు ఇప్పుడు రాతి మీద లేవు. పోనీ లండన్ చేరిన రాళ్ళు భద్రంగా ఉన్నాయా అంటే, 1937-38లో శుభ్రం చేస్తున్నామని రాగి పనిముట్లతో కొన్నింటి పైపొర గీకేశారు. తెల్లగా మెరవాలట.

ఇక నేనెందుకు ఆగానంటే...

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది మా సర్వర్లో చోటు చాల్లేదు. ఓ పాత డేటాబేస్ కాపీ కనపడింది. ప్రొడక్షన్ ఉందిగా, ఇది నకలే కదా అని డిలీట్ కొట్టా. నెల తిరక్కుండానే తెలిసింది, అంతకు ఆర్నెల్ల ముందు ఎవరో నడిపిన క్లీనప్ స్క్రిప్టు డూప్లికేట్లనుకుని నిజం రికార్డుల్నే తుడిచేసిందని. అవి రిటైరయిన వాళ్ళ సర్వీసు వివరాలు, పింఛను లెక్కకి కావల్సినవి. మిగిలింది ఆ పాత కాపీలోనే. అరవై దాటినవాళ్ళని "మీ పాత కాగితాలు వెతికి పంపండి" అని అడగాల్సొచ్చింది. డిలీట్ చేసింది నేనేనని ఒప్పుకోడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులు తిన్న అన్నం రుచి ఇప్పటికీ గుర్తులేదు.

నకలు విలువ అది అసలా కాదా అన్నదాంట్లో లేదండీ, దాని మీదున్న తేదీలో ఉంది. అసలు మారిపోతూనే ఉంటుంది. నకలు ఆ రోజు దగ్గరే ఆగిపోతుంది.

అలాగని "మీకు పోతలున్నాయిగా, రాళ్ళు మా దగ్గరుంటే ఏం?" అనే వాదన నేను ఒప్పుకోను. 2009లో తెరిచిన ఏథెన్సు ఆక్రోపోలిస్ మ్యూజియంలో తమ దగ్గరున్న తేనెరంగు రాళ్ళ పక్కనే, లండన్‌లో ఉన్నవాటి బదులు తెల్లటి పోతలు పెట్టారు. అక్కడ నకలు ఇంకో పని చేస్తోంది. ఇక్కడుండాల్సింది లేదు అని చెబుతోంది. నా మటుకు నాకు ఆ రాళ్ళు ఇంటికి చేరాల్సిందే.

అదే భవనంలో మన అమరావతి శిల్పాలూ ఉన్నాయి. 1859లో లండన్ చేరాయి. అవైనా మిగిలాయి. సున్నం కోసం బట్టీల్లో కాల్చేసినవి ఎన్నో. 1816 నుంచి మెకంజీ మనుషులు గీసిన బొమ్మల్లోనే మిగిలిన పలకలున్నాయి, రాయి లేదు. అప్పుడెవరైనా అచ్చులు కూడా తీసుంటే ఎంత బాగుండేదో!

మా వాడు ఫోన్ చేశాడు, "ఆ నకళ్ళ దగ్గర ఇంతసేపేంట్రా?" అని. వస్తున్నా అన్నాను గానీ ఇంకో పావుగంట అక్కడే ఉన్నా.

ఇప్పుడు ఏది డిలీట్ కొట్టబోయినా ముందు అదెప్పటిదో చూస్తున్నా. మీరూ చూడండి.