తత్త్వశాస్త్రము చదివినవాడేమగును?

1959లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలయు, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయమును వెలసిన యీ ఓరుగంటిలో, తత్త్వశాస్త్రము చదివెదనను బిడ్డను జూచి తల్లిదండ్రులు కలతపడుట సహజమే. అన్నము పెట్టని చదువేల యని వారడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనది.

అయినను, బంధువొకడిచ్చిన పాత పుస్తకముల మూలమున మద్రాసు క్రైస్తవ కళాశాలలో ఆ శాస్త్రమును చేపట్టెనని చెప్పబడు సర్వేపల్లి రాధాకృష్ణన్, 1909లో ప్రెసిడెన్సీ కళాశాలలో అధ్యాపకుడై, 1931లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపకులపతియై, పిదప ఆక్స్‌ఫర్డులో ఆచార్యుడై, మాస్కోలో రాయబారియై, తుదకు 1962లో రాష్ట్రపతి పీఠమధిష్ఠించెను. అందరును రాధాకృష్ణనులు కాజాలరు, కానక్కరయు లేదు. అధ్యాపకత్వము, న్యాయవాదము, పత్రికారచన యను దారులున్నవి. సివిల్ సర్వీసుల పరీక్షలో తత్త్వశాస్త్రము 500 మార్కుల ఐచ్ఛిక విషయము, 2013 నుండి నీతిశాస్త్రమునకు వేరుగా 250 మార్కుల పత్రమును గలదు.

నా మనసును మిక్కిలి యాకర్షించునది మాత్రము వేరొకటి. ప్రత్యక్షమేది, అనుమానమేది, ఏ హేతువు నిలుచును, ఏది హేత్వాభాసమని గౌతముని న్యాయదర్శనము మొదలు నేటి తర్కము వరకు అభ్యసించిన విద్యార్థి, ఎదుటివాని వాదమును అతనికన్న స్పష్టముగా చెప్పి పిమ్మట ఖండింప నేర్చును. పూర్వపక్షమును గౌరవించు ఈ శిక్షణ న్యాయస్థానమునను, కార్యాలయమునను, శాసనసభలోను నేడెంతయో కొరవడుచున్నది.

కావున, హనుమకొండ వీథుల తల్లిదండ్రులారా, మీ బిడ్డ యీ శాస్త్రమును కోరినచో, జీవనోపాధిని గూర్చి ఆమెతో కూర్చుండి నిదానముగా విచారింపుడు, విచారించి, చదువనిండు.