వెళ్ళినవాళ్ళు కట్టిన ఊరు

మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల పుణ్యమా అని తెలుగు పాఠకులకు రష్యా పల్లె పాత పరిచయమే. దుంగల ఇల్లు, గదిలో పెద్ద భాగాన్ని ఆక్రమించే ఇటుక పొయ్యి, దాని మీద వెచ్చగా పడుకున్న ముసలమ్మ, కిటికీ అవతల భూర్జ చెట్లు. విశాలాంధ్ర పుస్తకాల దుకాణాల్లో చవగ్గా దొరికిన ఆ పల్లెల్లో చాలావాటికి ఇప్పుడు తలుపు తీసే మనిషే లేడు.

మాస్కోకు ఈశాన్యాన కొస్త్రొమా ప్రాంతంలో, చుఖ్లొమా పట్నం దాటాక అడవి మధ్యన ఉంది అస్తాషొవో. ఊరంటే అక్కడ మిగిలింది దాదాపు ఒక చెక్క మేడే. నగిషీల కిటికీలు, ఎత్తయిన బురుజు, చూడబోతే రాజుగారి విడిది. కట్టించినవాడు మాత్రం మర్త్యాన్ సజోనొవ్ అనే రైతు. అప్పటి రాజధాని పీటర్స్‌బర్గ్‌కు పనికి పోయి, బాగా గడించి, సొంతూరికి తిరిగొచ్చి 1897లో ఈ మేడ పూర్తి చేశాడు.

అలా పనికి పోవడం వింతేమీ కాదు. అక్కడి నేల చవుడు కాకపోయినా పిసినారిది, చలికాలం దీర్ఘం. మగవాళ్ళు వడ్రంగానికో రంగులు వేయడానికో రాజధానికి పోయేవారు. నాగలి ఆడవాళ్ళ చేతికొచ్చేది. జ్బాన్‌కొవ్ అనే వైద్యుడు 1891లో ఈ సీమ గురించి రాసిన పుస్తకానికి ‘ఆడవాళ్ళ సీమ’ అనే అర్థమొచ్చే పేరే పెట్టాడు. వలసతోనే ఆ ఊళ్ళు బతికాయి, ఎందుకంటే వెళ్ళినవాడి డబ్బూ తిరిగొచ్చేది, మనిషీ తిరిగొచ్చేవాడు.

విప్లవం తర్వాత మేడ ప్రభుత్వపరమైంది. కొంతకాలం అందులోనే తపాలా, గ్రంథాలయం నడిచాయి. సామూహిక వ్యవసాయక్షేత్రాల రోజుల్లో రైతుకు దేశంలో తిరగడానికి కావలసిన పాస్‌పోర్టు హక్కుగా దక్కలేదు. 1974లో గానీ ఆ హక్కునిచ్చే ఉత్తర్వు రాలేదు. ఈలోపు అధికారులు చిన్న ఊళ్ళకు ‘భవిష్యత్తు లేనివి’ అని ముద్ర వేశారు. బడి పోయింది, దుకాణం పోయింది, వాటి వెంటే జనం పోయారు. ఈసారి పోయినవాళ్ళకు తిరిగి రావడానికి ఊరంటూ మిగల్లేదు. 1970ల్లో అస్తాషొవో ఖాళీ అయింది, మేడ చుట్టూ అడవి పెరిగింది.

2000ల్లో యాత్రికుల కంటబడ్డాక ఆండ్రే పావ్లిచెంకోవ్, కొందరు స్వచ్ఛంద కార్యకర్తలు పూనుకుని దాన్ని బాగుచేయించారు. ఇప్పుడది మ్యూజియం, అతిథిగృహం కూడా.

అన్ని ఊళ్ళకూ మేడలుండవు కదా. చాలాచోట్ల బీళ్ళను ఏలుతున్నది సొస్నోవ్‌స్కీ బొర్షెవిక్ అనే మనిషెత్తు మొక్క. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దాన్ని పశుగ్రాసంగా పెంచారు. దాని రసం ఒంటికి తగిలి ఎండ సోకితే బొబ్బలే. మిగిలిన నలుగురు ముసలివాళ్ళకు రొట్టె, పంచదార తెచ్చేది ఆటోలావ్కా, అంటే సంచార దుకాణం బండి. మంచు తీయకపోతే అదీ రాదు.

రష్యా 2010 జనాభా లెక్కల్లో సుమారు 1,53,000 గ్రామీణ ఆవాసాలుంటే 19,000కు పైగా నిర్జనం. పదిమందికి మించనివి ఇంకో 36,000. ఆ లెక్కలు తీసింది అక్టోబరులో. అప్పటికి వేసవికి మాత్రమే వచ్చే మనుషులు తాళాలు వేసి వెళ్ళిపోతారు. అదే కొస్త్రొమా ప్రాంతంలోని మాంతురొవో జిల్లా ఉగొరీలో సమాజశాస్త్రవేత్త నికితా పొక్రోవ్‌స్కీలా పాత ఇళ్ళు కొనుక్కున్న నగరవాసులు ఎందరో ఉన్నారు. జూలైలో వాళ్ళ పొయ్యిలు రాజుకుంటాయి. జనాభా లెక్కలవాళ్ళు మాత్రం వాళ్ళను మాస్కోలోనే రాసుకుంటారు.